ఓడెక్కిన బొమ్మలు: ‘మపెట్ ట్రెజర్ ఐలండ్’ ఎలా తీశారు, దాన్నుంచి మనం ఏం పట్టుకోవచ్చు

(బొమ్మలాట, షార్ట్ ఫిల్ములు నేర్చుకుంటున్నవారి కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ పూట మనం మాట్లాడుకునే సినిమా ‘మపెట్ ట్రెజర్ ఐలండ్’. 1996 ఫిబ్రవరి 16న అమెరికాలో విడుదలైంది. నిడివి 99 నిమిషాలు. దర్శకుడు బ్రయన్ హెన్సన్, అంటే మపెట్లను, చేత్తో ఆడించే ఆ బట్ట బొమ్మలను, పుట్టించిన జిమ్ హెన్సన్ గారి అబ్బాయి. జిమ్ హెన్సన్ 1990 మే 16న హఠాత్తుగా పోయారు. ఆ తర్వాత కొడుకు దర్శకత్వం చేసిన మొదటి మపెట్ సినిమా 1992లో వచ్చిన ‘మపెట్ క్రిస్మస్ కెరోల్’, రెండోది ఇది. షూటింగ్ ఇంగ్లండ్‌లో, షెపర్టన్ స్టూడియోలో.

మూలకథ మీకు కొత్త కాదు. స్టీవెన్సన్ రాసిన ‘ట్రెజర్ ఐలండ్’ నవల అది, దాని తెలుగు రూపం నండూరి రామమోహనరావు గారి ‘కాంచనద్వీపం’ చదివినవాళ్లు ఇక్కడ ఉండే ఉంటారు. మిగిలినవాళ్లు స్కూల్లో ఇంగ్లీషు నాన్‌డీటైల్‌గా చదివి ఉంటారు. స్టీవెన్సన్ 1881లో స్కాట్లండ్‌లోని బ్రేమార్‌లో ఉండగా, భార్య మొదటి పెళ్లి కొడుకు లాయిడ్‌తో కలిసి ఒక దీవి మ్యాపు గీశాడు. కథ ఆ మ్యాపులోంచి వచ్చింది: ఫ్లింట్ అనే సముద్రదొంగ పాతిన నిధి మ్యాపు జిమ్ హాకిన్స్ అనే కుర్రాడికి దొరుకుతుంది, నిధి కోసం ఓడెక్కితే ఓడలో వంటవాడు లాంగ్ జాన్ సిల్వరే దొంగల నాయకుడు. పిల్లల పత్రికలో సీరియల్‌గా నడిచి 1883లో పుస్తకమైంది. ఆరు భాగాలు, 34 అధ్యాయాలు. అంత కథని గంటన్నర సినిమాలో పెట్టాలి, అందులో పాటలు కావాలి, ముఖ్య పాత్రలన్నీ దాదాపు బొమ్మలే వెయ్యాలి. పని ఇదీ.

ఇందులో అన్నిటికన్నా కష్టమైనది ఒకటుంది. ఒక కుర్రాడు, ఒక కప్ప ఒకే ఓడ డెక్కు మీద, ఒకే నేల మీద నిలబడి ఉన్నారని చూసేవాడు నమ్మాలి. ఆ నమ్మకం ఒక్క క్షణం చెదిరినా జోకు పేలదు, భయం పుట్టదు, పాట నిలబడదు. స్క్రిప్టు రాసినవాళ్ల దగ్గర్నుంచి వడ్రంగుల దాకా అందరూ చేసింది ఆ ఒక్క నమ్మకం కోసమే. అది ఎలా కట్టారో చూద్దాం.

ముందు స్క్రిప్టు. రాసింది జెర్రీ జూల్, కర్క్ థాచర్, జేమ్స్ హార్ట్. వాళ్ల ముందు ఒక సౌకర్యం ఉంది. మపెట్లని ప్రేక్షకులు నటులుగా చూస్తారు. సురభి నాటకాల్లో ఇవాళ కృష్ణుడు వేసినాయనే రేపు మాంత్రికుడు వేస్తే, జనం పాత్రనీ మనిషినీ కలిపి చూస్తారు కదా, అలాగ. కాబట్టి ఎవరికి ఏ వేషం ఇచ్చారన్నదే ఇక్కడ సగం హాస్యం.

నవలలో కెప్టెన్ స్మాలెట్ కరుకు మనిషి. సినిమాలో ఆ వేషం కెర్మిట్ కప్పది. కెప్టెన్ రాకముందే ఆయన కోపం గురించి ఓడంతా హడలిపోయేలా చెబుతారు. బండి తలుపు తెరుచుకుంటే, దిగేది మర్యాదస్తుడైన కప్ప. ఈ జోకుకి డైలాగు అక్కర్లేదు. పాతికేళ్లుగా జనానికి కెర్మిట్ ఎవరో తెలుసు, అది చాలు. నవల్లో ఓడలో కెప్టెన్ తర్వాతివాడు మిస్టర్ యారో తాగుబోతు. ఒక రాత్రి సముద్రంలో పడి మాయమవుతాడు. సినిమాలో ఆ పాత్ర శామ్ అనే గద్దకి ఇచ్చారు. రూలు తప్పితే ఊపిరాడని బొమ్మ అది. దాన్ని వదిలించుకోవాలంటే మద్యం పనికిరాదు. అందుకని సిల్వర్ అతని క్రమశిక్షణనే వాడుకుంటాడు: లైఫ్‌బోటు సరిగ్గా ఉందో లేదో స్వయంగా పరీక్షించాలి కదా అంటాడు, పాపం అతను దిగి వెళ్లిపోతాడు. చూడండి, కథలో జరిగేది అదే, యారో ఓడలోంచి మాయమవ్వాలి. కారణం మాత్రం బొమ్మ స్వభావంలోంచి తీశారు. కథని బొమ్మలకి మార్చేవాళ్లు నేర్చుకోవాల్సిన మొదటి పని ఇదే. సంఘటనని ఉంచండి, కారణాన్ని బొమ్మలోంచి తియ్యండి.

ఓడని సిద్ధం చేసే జమీందారు స్క్వైర్ ట్రెలానీ నవల్లో నోటిలో నువ్వుగింజ నానని పెద్దమనిషి. సినిమాలో ఆయన కొడుకుగా ఫాజీ ఎలుగుబంటి వస్తాడు. తన వేలిలో మిస్టర్ బింబో అనే మనిషి కాపురముంటున్నాడని నమ్ముతాడు, ప్రతి నిర్ణయానికీ ఆ వేలిని సలహా అడుగుతాడు. నవల్లో మూడేళ్లు దీవిలో ఒంటరిగా ఉండి జున్నుముక్క కోసం అలమటించే బెన్ గన్ ఉన్నాడు. అతని చోట బెంజమీనా గన్‌గా మిస్ పిగ్గీ, అడవిపందుల తెగకి రాణి. కెప్టెన్ స్మాలెట్ పెళ్లి పీటల మీద వదిలేసి పోయిన పెళ్లికూతురు. స్టీవెన్సన్ నవల్లో జిమ్ తల్లి తప్ప చెప్పుకోదగ్గ ఆడపాత్ర లేదు. ఆ ఖాళీ పిగ్గీకి కలిసొచ్చింది. సిల్వర్ భుజం మీది చిలక చోట ఎర్ర లాబ్‌స్టర్ కూర్చుంది, పేరు పాలీయే.

ఇంతమంది బొమ్మల మధ్య పెద్ద పాత్రలు రెండు మనుషులకి ఇచ్చారు. జిమ్ హాకిన్స్‌గా కెవిన్ బిషప్ అనే కుర్రాడు, లాంగ్ జాన్ సిల్వర్‌గా టిమ్ కరీ. ఇది చాలా తెలివైన నిర్ణయమని నా అభిప్రాయం. నవల గుండె అంతా ఈ ఇద్దరి మధ్య ఉంది: తండ్రి లేని కుర్రాడికి తండ్రిలాంటివాడు దొరికాడు, వాడే దొంగ. ఆ బంధం బొమ్మతో చెబితే ఆ బరువు రాదు. టిమ్ కరీ ఎంత పెద్దగా నటించినా కుర్రాడితో ఉన్న సీన్లలో గొంతు తగ్గిస్తాడు. చివర్లో సిల్వర్ పడవలో పారిపోతుంటే ఆపగలిగి కూడా జిమ్ వదిలేస్తాడు. అక్కడ బొమ్మల్ని దూరంగా ఉంచారు.

బొమ్మలు ఈ కథకి పరాయివి కాకుండా ఉండటానికి గాంజో, రిజో ఎలుక అనే ఇద్దర్ని జిమ్ స్నేహితులుగా పెట్టారు. వాళ్లు నవల్లో లేరు, వాళ్ల పేర్లతోనే వస్తారు. జిమ్ ఉండే సత్రంలో దిగిన ముసలి నావికుడు బిల్లీ బోన్స్ చచ్చిపోగానే, ఇది పిల్లల సినిమా కాదా అని రిజో ఆశ్చర్యపోతాడు. అంటే ఒక కాలు కథలో, ఒక కాలు ప్రేక్షకుల్లో. ఇది మనకి కొత్త కాదు. మన తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు రామాయణం మధ్యలోకి వచ్చి ఊళ్లో సంగతులు మాట్లాడి పోతారు. వాళ్లు రావడం వల్ల రాముడి బాధ తగ్గదు. కారణం, వాళ్లు వచ్చే చోటు. సన్నివేశానికీ సన్నివేశానికీ మధ్య వస్తారు. గాంజో, రిజో కూడా అంతే. నవ్వు చాలాచోట్ల భయం తర్వాత వస్తుంది. బ్లాక్ స్పాట్, అంటే సముద్రదొంగలు చావు కబురుగా చేతిలో పెట్టే నల్లచుక్క కాగితం, అందుకున్న బిల్లీ బోన్స్‌గా బిల్లీ కానలీ వణికి చచ్చిపోయాకే రిజో ఆ మాట అంటాడు.

ఇక నేల సంగతి. ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎందుకంటే మీరు రేపు సొంతంగా తియ్యబోతే మొదట తన్నుకునేది ఇక్కడే.

మపెట్‌ని ఆడించే మనిషి బొమ్మ కింద ఉంటాడు, చెయ్యి తల పైకెత్తి. లెక్క వేసుకోండి. 5 అడుగుల 6 అంగుళాల మనిషి చెయ్యి నిలువుగా ఎత్తితే, బొమ్మ మొహం నేలనుంచి సుమారు 7 అడుగుల దగ్గర ఉంటుంది. సెట్టు నేల మామూలుగా ఉంటే, పక్కన నిలబడ్డ కుర్రాడికన్నా బొమ్మ రెండడుగులు పైన తేలుతుంది. అందుకని ఈ సినిమాల్లో సెట్టు నేలని పైకి లేపుతారు. డెక్కుని 4 అడుగులు లేపారనుకోండి, బొమ్మ మొహం డెక్కు మీదనుంచి 3 అడుగుల ఎత్తులో ఉంటుంది. 5 అడుగుల కుర్రాడి నడుం దాటి కాస్త పైన. కప్పకి అది సరైన ఎత్తు. కానీ చిక్కు ఇంకోటి మిగిలింది. ఆడించే మనిషి తల డెక్కు మీదకి అడుగున్నర పొడుచుకొచ్చి ఉంది. దాన్ని ఫ్రేము కింద దాచాలి, లేదా ఏదో అడ్డం పెట్టాలి.

ఓడ కథ బొమ్మలకి ఎందుకింత బాగా కుదిరిందో ఇక్కడ అర్థమవుతుంది. ఓడ డెక్కు మీద పీపాలు, తాళ్ల చుట్టలు, రెయిలింగు, మెట్లు, చుక్కాని, కింది గదికి దిగే తలుపు, అన్నీ నడుం ఎత్తులోనే ఉంటాయి. ప్రతిదాని వెనకా ఒక మనిషి పట్టొచ్చు. అదే కథ మైదానంలో జరిగితే దాక్కోవడానికి గడ్డి కూడా చాలదు.

సెట్టు నేలలో పలకలు తీసి పెట్టుకునేలా చేస్తారు. ఏ షాట్‌లో ఏ బొమ్మ ఎక్కడ నడుస్తుందో ముందే గీసుకుని ఆ దారి మేరకు పలకలు లాగేస్తారు. మిగిలిన పలకల మీద మనిషి నటుడు నడవాలి. అంతకుముందు క్రిస్మస్ సినిమాలో మైకేల్ కేన్ అంతటివాడు ఇలా ఇరుకు పలకల మీద నడుస్తూ, కిందకి చూడకుండా డైలాగు చెప్పాల్సి వచ్చింది. కిందకి చూస్తే చూపు బొమ్మ మీదనుంచి పోతుంది, షాటు పోతుంది. మీరు చేసేటప్పుడు మనిషి నడిచే పలక కనీసం అడుగు వెడల్పు ఉంచండి, అంచుకి గరుకు టేపు అంటించండి. కాలికి అంచు తెలియాలి, కంటికి పని ఉండకూడదు.

అంత సెట్టు వెయ్యలేం అంటారా, సరే. ఇంట్లో తీసేవాళ్లకి కూర్చుని ఆడించే పద్ధతి ఉంది. నాలుగు చక్రాల చెక్క ఒకటి చేయించుకోండి, నేలనుంచి జానెడు ఎత్తులో. దాని మీద కూర్చుంటే తల సుమారు మూడున్నర అడుగుల దగ్గర, ఎత్తిన చెయ్యి అయిదు అడుగుల దగ్గర ఉంటాయి. ముందు 4 అడుగుల ఎత్తు తెర కట్టండి, గోడ అనుకోండి, ఓడ రెయిలింగు అనుకోండి. కెమెరా లెన్సు బొమ్మ కళ్ల ఎత్తులో, అంటే దాదాపు 5 అడుగుల్లో పెట్టండి. కెమెరా అంతకన్నా పైకి వెళితే తెర వెనక మీ తల కనబడుతుంది. అంతకన్నా బాగా కిందకి దిగితే బొమ్మ గడ్డం, నోటి లోపలి బట్ట తప్ప ఏమీ కనబడవు. చక్రాలు నూనె పెట్టినవి కావాలి. అరిచే చక్రం ఒక్కటున్నా సౌండ్ మొత్తం పాడు.

తర్వాత మానిటర్. ఆడించేవాళ్లు తమ చేతిని చూడరు. కాళ్ల దగ్గర పెట్టుకున్న చిన్న టీవీలో కెమెరా చూస్తున్న ఫ్రేముని చూస్తారు. ఇది అద్దం కాదు. అద్దంలో మీరు కుడికి జరిగితే ప్రతిబింబం కూడా మీ కుడివైపుకే జరుగుతుంది. ఇక్కడ కెమెరా వైపు తిరిగి కూర్చున్న మీరు కుడికి జరిగితే బొమ్మ తెర మీద ఎడమకి వెళుతుంది. మొదటి రోజుల్లో అందరూ తడబడేది దీనికే: బొమ్మ ఫ్రేములోంచి జారిపోతోందని సర్దబోయి ఇంకా బయటికి తోస్తారు. మానిటర్‌లో కనబడే చిత్రాన్ని తిప్పి అద్దంలా చేసుకుందామా అని అడుగుతారు. వద్దు. దర్శకుడు ఎడమ అంటే మీ తెర మీద కూడా ఎడమే కావాలి. నలుగురు ఆడించేవాళ్లున్న షాట్‌లో ఒక్కడి తెర తిరగబడి ఉన్నా తలలు గుద్దుకుంటాయి.

మానిటర్ మీద ఇంకో పని చెయ్యండి. బొమ్మ కళ్లు ఉండాల్సిన ఎత్తులో సన్నటి టేపు ముక్క అంటించండి. చెయ్యి అలిసిపోయేకొద్దీ బొమ్మ మెల్లిగా కిందకి మునుగుతుంది, ఆడించేవాడికి అది తెలియదు. ఎడిటింగ్‌లో రెండు షాట్లు అతికిస్తే, ఒకదాంట్లో పొట్టిగా, ఒకదాంట్లో పొడుగ్గా తేలుతుంది. కొత్తవాళ్లయితే టేకు నిమిషానికి మించి పెట్టకండి. కట్ అనగానే చెయ్యి దించి భుజం తిప్పుకోండి.

ఇక నోరు. బొటనవేలు కింది దవడలో, నాలుగు వేళ్లు పై దవడలో. మాట పలికినప్పుడు కదలాల్సింది బొటనవేలు. సహజంగా మన చెయ్యి దానికి ఉల్టాగా చేస్తుంది, నాలుగు వేళ్లూ పైకి లేస్తాయి. అప్పుడు ఏమవుతుందంటే, ప్రతి మాటకీ బొమ్మ తల వెనక్కి ఎగురుతుంది, కళ్లు సీలింగుని చూస్తాయి. దీనికి మందు ఒకటే. నాలుగు వేళ్ల మీద ఒక అట్టముక్కో, చిన్న పుస్తకమో పెట్టుకుని, అది పడకుండా ఒకటి నుంచి వంద వరకూ అంకెలు పలికించండి.

రెండో తప్పు, మాటని కొరకడం. అక్షరం పలికే క్షణంలో నోరు తెరుచుకోవాలి. చాలామందికి ఆ క్షణంలోనే మూసుకుంటుంది. తెలుగులో ఇంకో చిక్కు ఉంది, మన మాటలు అచ్చుతో ముగుస్తాయి. ‘రా’, ‘పో’, ‘ఓడ’, ‘దొంగలు’, అన్నిటికీ చివర్లో నోరు తెరిచే ఉంటుంది. మాట అవ్వగానే నోరు ఠక్కున మూస్తే తెలుగు వినపడదు, చప్పట్లు కొట్టినట్టు ఉంటుంది. అచ్చు సాగినంతసేపు నోరు మెల్లిగా మూతపడాలి. ప, బ, మ వచ్చినప్పుడు మాత్రం పూర్తిగా మూయాలి. ‘అమ్మ’ అన్న మాటకి మధ్యలో నోరు మూతపడకపోతే పసిపిల్లవాడు కూడా పట్టేస్తాడు.

పొడవాటి మాటలు వస్తాయి. ‘చెప్పాలనుకుంటున్నాను’. ఎనిమిది అక్షరాలు. ఎనిమిదిసార్లు నోరు తెరిస్తే బొమ్మ వణికినట్టు ఉంటుంది. ‘ప్పా’ దగ్గర పెద్దగా, ‘కుం’ దగ్గర కొంచెంగా, ‘న్నా’ దగ్గర మళ్లీ పెద్దగా, మిగిలినవన్నీ సగం తెరిచి పోనివ్వండి. బరువు పడే చోట నోరు తెరుచుకుంటే మిగతా అక్షరాలు చూసేవాడి చెవే పూరించుకుంటుంది.

కళ్ల గురించి. కెర్మిట్ తొలి బొమ్మకి 1955లో జిమ్ హెన్సన్ వాళ్లమ్మ పాత కోటు బట్ట, రెండు పింగ్‌పాంగ్ బంతి ముక్కలు వాడారు. బంతి సంగతి ఎలా ఉన్నా, నల్లగుడ్డు అతికించే చోటే ప్రాణం. రెండు నల్లగుడ్లూ తిన్నగా ముందుకి చూస్తే బొమ్మ ఎవర్నీ చూడనట్టు ఉంటుంది. రెండూ ముక్కువైపు కొద్దిగా దగ్గరగా జరిపితే ఎదుటివాణ్ణి చూసినట్టు ఉంటుంది. ఎక్కువ జరిపితే మెల్లకన్ను. మపెట్లకి ఈ లెక్క కుదిర్చినవాడు డాన్ సాలిన్ అనే తయారీదారు. మీరు బొమ్మ చేసేటప్పుడు నల్లగుడ్లని ముందే గమ్‌తో అతికించకండి. మైనం చుక్కతో నిలబెట్టి, కెమెరాకి మూడడుగుల దూరంలో పట్టుకుని, ఫోన్లో చూస్తూ అటూ ఇటూ జరపండి. బొమ్మ మిమ్మల్నే చూస్తోందనిపించిన చోట గుర్తు పెట్టి, అప్పుడు అతికించండి.

కళ్లు కుదిరాక మణికట్టు. చెయ్యి పైకెత్తినప్పుడు అరచెయ్యి దానంతటదే వెనక్కి వాలుతుంది. మణికట్టుని ముందుకి బాగా వంచితే గానీ బొమ్మ చూపు నేలకి సమానంగా రాదు. మొదట్లో నొప్పిగా ఉంటుంది. ఎదుటి నటుడికి కూడా ఒక మాట చెప్పాలి, మాట కింద నుంచి వస్తున్నా చూపు బొమ్మ కళ్లలోనే ఉండాలి. కెవిన్ బిషప్‌ని చూడండి. గాంజోతో మాట్లాడినా, ఎలుకతో మాట్లాడినా అతని చూపు ఎక్కడా కిందకి జారదు. సినిమాలో నేను ఎక్కువ మెచ్చుకునే నటన అది.

ఎవరు ఎవర్ని ఆడించారన్నది కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే షెడ్యూలు మొత్తం దాని మీదే నడుస్తుంది. జిమ్ హెన్సన్ పోయాక కెర్మిట్‌ని స్టీవ్ విట్‌మైర్ తీసుకున్నాడు. రిజో ఎలుకా అతనిదే, బీకరూ అతనిదే. గాంజో, డాక్టర్ లివ్సీ వేషంలో ఉన్న బన్సెన్ హనీడ్యూ, ఇద్దరూ డేవ్ గోల్జ్ చేతిలోవి. మరి కెర్మిట్, రిజో ఒకే షాట్‌లో ఉంటే? రెండోదాన్ని ఇంకొకరు ఆడిస్తారు, గొంతు తర్వాత కలుపుతారు. మామూలుగా మపెట్ల గొంతు సెట్టు మీదే, ఆడించేవాడి తలకి కట్టిన మైకులోనే రికార్డు చేస్తారు. పిగ్గీ, ఫాజీ, శామ్ గద్ద ఫ్రాంక్ ఆజ్‌వి. ఆయన తీరిక లేకపోవడంతో సెట్టు మీద ఎక్కువగా కెవిన్ క్లాష్ ఆడించాడు, ఆజ్ తర్వాత డబ్బింగ్ చెప్పాడు. మీరు కథ రాసేటప్పుడే ఈ పట్టిక వేసుకోండి. ఒకే మనిషి చేసే రెండు బొమ్మలు ఎదురెదురుగా పోట్లాడుకునే సీను రాస్తే, అది తియ్యడానికి మామూలుకి రెట్టింపు టైమ్ పోతుంది.

చేతుల కడ్డీల గురించి క్లుప్తంగా. కెర్మిట్‌లాంటి బొమ్మకి కుడిచెయ్యి తలలో, ఎడమచేతిలో రెండు కడ్డీలూ. మనకి సైకిల్ చక్రం పుల్లలు చక్కగా సరిపోతాయి. మెరుపు లేని నలుపో, వెనక గోడ రంగో వెయ్యాలి. పుల్ల మెరిస్తే లైటు దాని మీదే పడుతుంది. స్వీడిష్ షెఫ్‌లాంటి బొమ్మకి కడ్డీలుండవు, నిజమైన మనిషి చేతులే. అందుకని వంట, వస్తువులు పట్టుకోవడం అలాంటి బొమ్మకే ఇవ్వాలి. కత్తియుద్ధం కావాలంటే, సిల్వర్‌తో కెర్మిట్ చేసింది ఉంది కదా, అలాంటి షాట్‌కి కడ్డీని చేతికి కట్టకుండా కత్తి పిడికే కట్టడం మేలు. కత్తిని కదిపితే చెయ్యి వెంట వస్తుంది. చేతిని కదిపితే కత్తి ఎటు పోతుందో చెప్పలేం.

కెర్మిట్, పిగ్గీ కొండకొమ్ము మీద తలకిందులుగా వేలాడుతూ యుగళగీతం పాడతారు. అలాంటి సీను మీరు తియ్యాలంటే రెండు దారులున్నాయి. ఒకటి, ఆడించేవాళ్లు పైనుంచి చెయ్యి దించడం. భుజానికి హాయి, కానీ మానిటర్ కూడా పైన కావాలి, పాదాల దగ్గర చెయ్యి దాచాలి. రెండోది, మామూలుగా తీసి ఫ్రేము తిప్పడం. అప్పుడు జుట్టు, నగలు, బట్టల కుచ్చిళ్లు తప్పుడు వైపు వేలాడతాయి. ప్రతిదానికీ సన్నతీగ పెట్టి పైకి నిలబెట్టాలి. ఒక్క చెవిపోగు మరిచిపోయినా మోసం బయటపడుతుంది.

బొమ్మ తయారీ గురించి ఎక్కువ చెప్పను, అది రేపటి పాఠం. తలకి అరంగుళం మందం సోఫా స్పాంజి సరిపోతుంది. మపెట్లకి వాడేది నూగున్న నైలాన్ ఫ్లీస్. కుట్టు బయటినుంచి చేత్తో వేసి, నూగుని సూదితో పైకి లాగితే కుట్టు కనబడదు. సముద్రం కథ కదా అని బొమ్మని నిజంగా నీళ్లలో ముంచకండి. స్పాంజి ఒకసారి తడిస్తే బరువెక్కి చెయ్యి నిలవదు, లోపల ఆరడానికి రోజులు పడుతుంది, ఆరాక మొహం ఆకారం మారిపోతుంది. తడవాల్సిన షాట్‌కి రెండో బొమ్మ చేసుకోండి. లేదా తడిసినట్టు కనబడటానికి వెంట్రుకలకి జెల్ రాయండి. ఓడ ఊగాలంటే సెట్టుని ఊపక్కర్లేదు. కెమెరాని మెల్లిగా వాల్చి, పైన వేలాడే లాంతరుకి దారం కట్టి లాగుతూ, అందరూ ఒకే లెక్కకి ఒరిగితే చాలు. ఒక్కడు లెక్క తప్పినా ఓడ గదిగా మారిపోతుంది.

పాటలు రాసింది బారీ మాన్, సింథియా వీల్ దంపతులు. నేపథ్య సంగీతం హాన్స్ జిమ్మర్. మొదటి పాట వినండి: ఫ్లింట్ నిధిని పాతిపెట్టడానికి వెళుతుంటే దీవిలోని పుర్రెలు, మొసళ్లు, విగ్రహాలు పాడతాయి, చివర్లో తుపాకులు పేలతాయి, వెంట వెళ్లినవాళ్లు తిరిగి రారు. నవ్వుల సినిమాకి అంత చీకటి మొదలు. నిధి అంటే ప్రాణాల మీదకి వచ్చే సంగతని మొదటే చెప్పేశారు. ఆ తర్వాత గాలి లేక ఓడ కదలని రోజుల్లో అందరికీ పిచ్చెక్కే పాట వస్తుంది. కథకి అది ఏమాత్రం అవసరం లేదు. నవలకి కట్టుబడేవాళ్లు దాన్ని తీసెయ్యమనే అంటారు. నేనైతే ఉంచుతాను. ఓడంతా బొమ్మలతో నిండిందని ప్రేక్షకుడి కంటికి స్థిరపడేది ఆ పాటలోనే.

ఒక కోర్టు సంగతి చెప్పి ముందుకెళతాను. అడవిపందుల పూజారి పాత్రకి స్పామ్ అని పేరు పెట్టారు, రాతలో మధ్య ఒక విరుపుతో. డబ్బాలో పంది మాంసం అమ్మే హార్మెల్ కంపెనీ తమ సరుకు పేరు వాడారని దావా వేసింది. న్యూయార్క్ ఫెడరల్ కోర్టు 1995లో హెన్సన్ వాళ్ల పక్షాన తీర్పిచ్చింది, 1996లో అప్పీలు కోర్టు అదే ఖాయం చేసింది. హాస్యం కోసం చేసిన పేరడీ కాబట్టి జనం పొరబడరన్నది కోర్టు మాట. అది అమెరికా చట్టం. మీరు మీ సినిమాల్లో ఏదైనా కంపెనీ పేరు విరిచి వాడాలనుకుంటే ముందు లాయరుని అడగండి.

ఇప్పుడు అభ్యాసం. మధ్యాహ్నం మీరు చెయ్యబోయేది బిల్లీ బోన్స్‌కి బ్లాక్ స్పాట్ అందే సీను. ఒక మనిషి, రెండు బొమ్మలు, ఒక టేబులు. ఆ కాగితం తెచ్చిచ్చే గుడ్డి దొంగ ప్యూ బొమ్మ తలుపు దగ్గర, జిమ్ స్నేహితుడి బొమ్మ టేబులు వెనక. డైలాగు అర పేజీకి మించకూడదు. మొదటి షాటు దూరం నుంచి, ముగ్గురూ కనబడాలి. ఇది ముందు తీయండి, బొమ్మల ఎత్తు మనిషికి కుదిరిందో లేదో ఇక్కడే తేలుతుంది. రెండోది ప్యూ చెయ్యి, కాగితం, మనిషి అరచెయ్యి. ఇక్కడ కాగితం వెనక అతుకు టేపు ఉండాలి, లేకపోతే బొమ్మ చేతిలోంచి జారుతుంది. మూడోది మనిషి మొహం, కాగితం తిప్పి చూస్తాడు. ఈ షాట్‌లో బొమ్మల్లో ఎవరూ మాట్లాడకూడదు. నాలుగోది స్నేహితుడి బొమ్మ మొహం, మాట లేకుండా, మూడు లెక్కపెట్టేంతసేపు. ముందు కాగితం వైపు, తర్వాత మనిషి వైపు, ఆ తర్వాత తలుపు వైపు చూపు తిప్పాలి. ఆ మూడు చూపులూ స్పష్టంగా వేరువేరుగా కనబడకపోతే మళ్లీ తీయండి. జోకు అయిదో షాట్‌లో, తలుపు మూసుకున్నాక.

ఒక ప్రశ్న వచ్చింది: బొమ్మ నవ్వకుండా, మొహం కదలకుండా భయపడినట్టు ఎలా చూపించాలని. స్పాంజి తల అయితే లోపల వేళ్లని కొద్దిగా మడిచి నొక్కండి, పై పెదవి ముడతపడుతుంది. కెర్మిట్ మొహం ముడుచుకున్నట్టు కనబడేది అలాగే. అతని తలలో గట్టి చట్రం లేదు, వేళ్లు బట్టలోంచి నేరుగా పనిచేస్తాయి. మీ బొమ్మకి నోటి లోపల గట్టి అట్ట ఉంటే ఇది కుదరదు, తలని రెండంగుళాలు వెనక్కి లాగి అలాగే ఆపండి. ఇంకొకరు ఊపిరి గురించి అడిగారు. మాట మొదలయ్యే ముందు బొమ్మని అరంగుళం పైకి లేపండి, మాట అయ్యాక అంతే దించండి. చేతులు మొదటి రోజే వణుకుతాయి. టేబులు అంచుకి మోచెయ్యి ఆనించుకోవడానికి వీలుగా ఒక దిండు కట్టాం, వాడుకోండి. మానిటర్లు మూడే ఉన్నాయి కాబట్టి రెండు జట్లు ముందు తీస్తాయి, మిగతా జట్లు ఆలోపు పుస్తకం పెట్టుకుని అంకెలు పలికించే పని చెయ్యండి.